ముట్టుకోని చెయ్యి

రండి, అక్కడ గుమ్మంలో నిలబడితే నా గొంతు మీదాకా రాదు. చాప ఇటు లాక్కుని గోడకు ఆనుకుని కూర్చోండి. కాళ్ళు చాపుకోవాలంటే చాపుకోండి, మా ఇంట్లో దానికెవరూ ఏమీ అనుకోరు. ఇప్పుడు నేను చెప్పబోయేది మా మేడమీద అద్దెకున్న మనిషి సంగతి. ఆయన పేరు చెప్పను. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు మా వీధిలో లేరు. మేడమీదాయన అంటే చాలు, బొబ్బిలిలో మా వైపు వాళ్ళందరికీ తెలుసు.

మొన్న మా ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. మెకానిక్ వచ్చాడు. సంచి దించాడు, స్క్రూడ్రైవర్ తీశాడు, వెనక్కి వంగి రేకు విప్పడం మొదలుపెట్టాడు. నన్ను ఒక్క ముక్క అడగలేదు. నా నోరు ఊరుకుంటుందా?

"అంతకు ముందు ఏటి మారినాదో అడగవేటి నాయనా?" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి, సరే ఏం మారిందో చెప్పమన్నాడు. అప్పుడు ఆలోచించాను. అటక మీది బియ్యం డబ్బాలు దించి, ఆ వారమే ఫ్రిజ్ వెనక సందులో కుక్కాను. గాలి ఆడే దారి లేకుండా పోయింది. ఆ మాట నా నోటితో అనేదాకా నాకూ తట్టలేదు. డబ్బాలు తీశాం, సాయంత్రానికి ఫ్రిజ్‌లో నీళ్ళు పళ్ళు జివ్వుమనేలా అయ్యాయి. మెకానిక్ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ ప్రశ్న నాది కాదు. మేడమీదాయన పోయి ఏడాది దాటింది, ఆయన ప్రశ్న మాత్రం ఇంకా మా ఇంట్లో అద్దె కట్టకుండా కాపురముంటోంది.

ఆయనది కళింగపట్నం. అన్నదమ్ములు పడవ మీద బతికేవాళ్ళు, ఈయనొక్కడూ చదువుకుని హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో కుదిరాడు. కరోనా రోజుల్లో కంపెనీ అందరినీ ఇళ్ళకు పంపేసింది. కళింగపట్నంలో సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టి రోజుకు నాలుగుసార్లు లైను పోతోందని, మా ఊళ్ళో నిలకడగా ఉంటుందని ఎవరో చెబితే వచ్చి మా మేడమీది గది తీసుకున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న. వచ్చిన రోజునే నన్ను అప్పా అన్నాడు, నేను తమ్ముడా అన్నాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, పిల్లను చూడటానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ తాను ప్రశ్నలడిగానని, ఆ తరవాత ఆ ఇళ్ళనుంచి కబురు రాలేదని చెప్పేవాడు. అది నిజమో అబద్ధమో నాకు తెలీదు గానీ ఆ ప్రశ్నలు విన్నాక నేనైతే నమ్మాను.

పొద్దున్నే పనికి కూర్చునే ముందు చేతులు కడుక్కునేవాడు. భోజనానికి కడుక్కున్నట్టే, మోచేతుల దాకా, సబ్బు పెట్టి. వీణలు చేసేవాళ్ళ దగ్గర మిగిలిపోయిన పనస చెక్క ఒకటి తెచ్చుకుని, దాన్ని ఏటవాలుగా నిలబెట్టి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకునేవాడు. నీ యంత్రాలు ఎక్కడో హైదరాబాదులో ఉన్నాయంటావు, మన చేతి మట్టి అక్కడిదాకా అంటుకుంటుందా అని ఒకరోజు అడిగాను.

"ఆటికి అంటుకోదప్పా. ఆటి రోగం నాకు అంటుకుంటాదని" అన్నాడు.

ఆ యంత్రాలతో మాట్లాడేవాడు కూడా. ఒక్కోదానికీ ఒక అంకె. ఒరే పదకొండూ లెగిసినావా, ఒరే ఇరవై ఆరూ ఏటా మూలుగు, అని పైనుంచి వినబడేది. పదకొండు అలిగే రకమనీ, ఇరవై ఆరు పని తక్కువ చేసి సొద ఎక్కువ పెట్టే రకమనీ నాకు చెబుతుంటే, నేను కూర పెట్టడానికి వెళ్ళి అక్కడే కూర్చుండిపోయేదాన్ని. ఒకరోజు, అవి ఎంతెంత ఉంటాయి తమ్ముడా, బీరువా అంతా, సూట్‌కేసు అంతా అని అడిగాను.

"అవి నేవప్పా" అన్నాడు.

లేకపోవడమేమిటి? లేనివాటికి జబ్బు చేస్తుందా, లేనివాటిని బాగుచేసినందుకు నీకు జీతమిస్తారా అని నేను బుగ్గలు నొక్కుకున్నాను. ఆయన నవ్వి, మా ఇంటినే చూపించి చెప్పాడు. మా మామగారి కాలంలో ఇది ఒకటే పొడుగిల్లు. తరవాత ముగ్గురన్నదమ్ములూ మూడు వాటాలు చేసుకున్నారు. గోడ కట్టుకుని, ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకుని, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటే ఎవరికి వాళ్ళకు అది నిండు ఇల్లే. హైదరాబాదులో ఒక పెద్ద ఇనప యంత్రం ఉందట. దాని లోపల నలభై వాటాలు. ఒక్కో వాటా, నేనే నిండు యంత్రాన్ని అనుకుంటుందట. ఒక మందుల కంపెనీ గిడ్డంగుల పనంతా ఆ వాటాల మీదే నడుస్తోంది. ఒక్కో వాటాలో ఒక తలారి ఉంటాడు. వాడు మనిషి కాడు, ఒక ప్రోగ్రాము. నాలుగైదు నిమిషాలకోసారి, మా వాటాలో అంతా క్షేమం అనో, ఫలానాది చెడింది అనో పైకి కబురు పంపుతాడు. ఆ కబుర్లన్నీ ఒక పెద్ద పట్టీలో చేరతాయి. ఆ పట్టీ చూసుకుంటూ, ఏ తలారి పలకకపోతే వాడి సంగతేమిటో తేల్చడం మేడమీదాయన ఉద్యోగం. ఇంతే. ఇది నాకు అర్థమయ్యాక, ఆయన చేసే పని మా అత్తగారు చేసినదానికంటే పెద్ద వేరేమీ అనిపించలేదు. ఆవిడా అంతే, మూడు వాటాల్లో ఎవరి పొయ్యి వెలగలేదో పెరట్లో కూర్చుని చెప్పేసేది.

ఏది చెడినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. అంతకు ముందు ఏటి మారినాది? దానికి ఎవరైనా ఇచ్చే మొదటి జవాబూ ఒకటే. నానేటీ ముట్టుకోనేదు. ఫోన్లో హైదరాబాదు వాళ్ళు కూడా తమ భాషలో అదే అనేవారట. ఆ మాట వినబడగానే ఆయన మొహం పండగ మొహమైపోయేది. ముట్టుకోలేదన్న మనిషిని అస్సలు తిట్టేవాడు కాదు. తియ్యగా, నెమ్మదిగా, ఒక్కో పొరా వలుచుకుంటూ వెళ్ళేవాడు. ఆపి మళ్ళీ పెడితే సరిపోతుంది కదా అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. అలా చేస్తే రోగం దాక్కుంటుందనీ, దాక్కున్న రోగం పెళ్ళి రోజున బయటికొస్తుందనీ అనేవాడు.

మా ఇంటాయనకు ఈ పండగ ఒకసారి జరిగింది. పొలంలో మోటారు తిరుగుతోంది, నీళ్ళు మాత్రం పిల్లి పోసినట్టు వస్తున్నాయి. నారు ఎండిపోతోందని చిరాకుగా ఇంటికొచ్చాడు. మేడమీదాయన పిట్టగోడ మీంచి తల వంచి, బాగా వచ్చినప్పుడు ఆఖరిసారి ఎప్పుడు చూశావు బావా అని మొదలుపెట్టాడు. మంగళవారం. మంగళవారానికీ ఇవాళ్టికీ మధ్య ఎవరెళ్ళారు? నేనే. ఏం చేశావు? ఏమీ చెయ్యలేదు, నానేటీ ముట్టుకోనేదు. మరి ఎందుకెళ్ళావు? నాచు తియ్యడానికి. తీశాక? తీశాక ఇంటికొచ్చాను. వట్టి చేతుల్తోనా? ఇక్కడ మా ఇంటాయన నసిగాడు. నేను వీధి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, ఎందుకంటే నా పాత చీర ఒకటి కనిపించక నాలుగు రోజులైంది. నాచు మళ్ళీ రాకుండా ఆ చీర నాలుగు మడతలు పెట్టి గొట్టం మూతికి చుట్టాడట. నీళ్ళు దానిలోంచి వడకట్టుకుని రావాలి పాపం.

"బావా, సేతికి తెలకుండా సీర నడిసెల్లిపోనాదేటి?" అన్నాడు పైనుంచి.

ఆ రోజునుంచి మా ఇంటాయన ఆయన ఎదురుగా ఏ వస్తువూ పాడైందని చెప్పేవాడు కాదు. గుట్టుగా చెవిలో నాకు చెప్పేవాడు.

ఇక మా కోడలు భవాని సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు కథ అక్కడుంది. మా అబ్బాయి కొత్తవలసలో రైల్వే పని, ఆదివారాలు వస్తాడు. భవాని విజయనగరంలో కంప్యూటర్ డిగ్రీ చదివి మా ఇంటికొచ్చింది. వచ్చి రెండేళ్ళపాటు నాతో వడియాలు పెట్టింది. మంచి వడియాలే. కానీ మేడమీంచి ఆయన యంత్రాలతో మాట్లాడుతుంటే ఈ పిల్ల పిండి గిన్నె పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయేది. ఆయన గమనించాడు. పైకి రమ్మన్నాడు, పక్కన కుర్చీ వేశాడు, ఆర్నెల్లు నేర్పాడు, తన కంపెనీలోనే చిన్న పనిలో పెట్టించాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు భవాని మొహం నేను చూశాను. జీతం ఎంతని కూడా అడగలేదా పిల్ల. ఆ కుర్చీ ఉంటే చాలన్నట్టు కూర్చుంది.

మూడు నెలలు తిరక్కముందే ఆ కుర్చీ కిందికి నీళ్ళొచ్చాయి.

ఏం జరిగిందంటే, పాత నలభై వాటాలు ముసలివైపోయాయని కంపెనీ కొత్తవి నలభై పెట్టమంది. ఆ పని మేడమీదాయన చేశాడు. పాతవాటిని పట్టీలోంచి తీసెయ్యడం భవాని వంతు. కొత్తవాటికీ పాతవాటికీ అవే అంకెలు, ముందు ఒక్క అక్షరం తేడా. సోమవారం పొద్దున భవాని కూర్చుని పాతవి నలభై తీసేసింది. మంగళవారం పొద్దున హైదరాబాదు పెద్దమనిషి పట్టీ తెరిచాడు. అందులో నలభై కొత్త యంత్రాలుండాలి. ఒక్కటే ఉంది.

పట్టీలో లేకపోతే ఏమవుతుందని నేనూ అడిగాను. పట్టీలో ఉన్నవాటికే మందు పోస్తారట, అంటే దొంగలు లోపలికి దూరకుండా కొత్త రక్షణ ప్రోగ్రాము ఎక్కిస్తారట. ఆ మందు పోసేది బుధవారం. పట్టీలో లేని ముప్పై తొమ్మిదీ తలుపులు బార్లా తెరుచుకుని ఉంటాయి. పెద్దమనిషి ఫోన్లో ఒకటే మాటన్నాడు. ఆ అమ్మాయి పాతవాటితోపాటు కొత్తవీ చెరిపేసింది. మూడింటికి మాట్లాడదాం, ఈలోగా ఏమైనా తిరిగొస్తే తెండి, ఆ అమ్మాయి సంగతి అప్పుడే తేల్చేద్దాం.

భవాని కిందికొచ్చి నా కొంగు పట్టుకుంది. నేను ఏం చెయ్యను? చింతపండు చాట, ఒక పీట తీసుకుని దానితోపాటు పైకెళ్ళి గడపలో కూర్చున్నాను. అప్పుడు పది గంటలైంది. పిక్కలు తీస్తుంటే చేతులకు పని, మనిషి తోడున్నట్టు పిల్లకు ధైర్యం.

మేడమీదాయన చేతులు కడుక్కుని వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే అలవాటు ప్రశ్న అడిగాడు. మరి భవాని ఏమంటుంది?

"నానేటీ ముట్టుకోనేదు సార్. మీరు తీసీమన్నవే తీసీసేను."

ఎప్పుడూ ఆ మాటకు పండగ చేసుకునే మనిషి, ఆవేళ కూడా ఒక్క క్షణం నవ్వాడు. పిల్ల బావురుమంది. అప్పుడు నవ్వు మానేసి పనిలోకి దిగాడు. ఆయన ఎదుట రెండు తెరలుండేవి. ఎడమ తెర మీద వాటా తరవాత వాటా తలుపు కొట్టి లోపలి తలారిని పలకరిస్తున్నాడు. ఒరే ఒకటీ బతికున్నావా. ఉన్నాడు. కబురు పంపినావా. పంపాడు. పైనుంచి అందిందని జవాబొచ్చిందా. వచ్చింది, వాడి చిట్టాలోనే రాసుంది. రెండూ అంతే. మూడూ అంతే. నలభై మందీ బతికున్నారు, నలభై మందీ కబురు పంపుతున్నారు, నలభై మందికీ అందిందని జవాబొస్తోంది. కుడి తెర మీద, పది నిమిషాలకోసారి తాజా అయ్యే పట్టీలో మాత్రం ఒకటే వరస. ఆయన తల గోక్కున్నాడు. దారిలో ఏమైనా అడ్డు ఉందేమో చూశాడు. లేదు. పట్టీ ఉన్న యంత్రానికి చోటు చాలలేదేమో చూశాడు. బోలెడుంది. భవాని చెరిపినవాటి చిట్టా తెరిచాడు, నలభై పేర్లూ వేలు పెట్టి చదివాడు. అన్నీ పాతవే. చెరిపేసినా తలారి మళ్ళీ కబురు పంపితే తిరిగి పట్టీలోకి ఎక్కాలి, మరి ఎక్కడం లేదే అని గోడతో అన్నాడు.

పదకొండున్నర దాటింది. ఆయన టిఫిన్ కూడా తినలేదు. భవాని ఒళ్ళో చేతులు పెట్టుకుని, తప్పు తనదేనేమో అన్నట్టు చూస్తోంది. ఆయన కళ్ళు ఎడమ తెర మీద, పిల్ల కళ్ళు నేల మీద. కుడి తెరకు ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే. నాకు అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు బాగా వచ్చు. పైగా ఒకసారి చూసిన అంకె నన్ను వదిలిపెట్టదు. మా పుట్టింటి రేషన్ కార్డు నంబరు ఇప్పటికీ చెబుతాను, ఎవరికీ అక్కర్లేకపోయినా.

"తమ్ముడా, ఆ కుడిపక్క వరస ఒకటేనంటావు గానీ, అందులో అంకె ఊరికే మారిపోతన్నాదేటి?" అన్నాను.

ఆయన తిరగలేదు. ఏ అంకె అన్నాడు.

నేను కూర్చున్నప్పుడు ముప్పై రెండు ఉంది. తరవాత పదిహేడు. తరవాత ఐదు, ఇరవై ఎనిమిది, మళ్ళీ పదిహేడు, తొమ్మిది, నలభై, పన్నెండు. నేను పిక్కలు తీస్తూ వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆయన చేతులు ఆగిపోయాయి. మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన ఒక్కో తలారి చిట్టా తెరిచి, ఎవడు ఎన్ని గంటలకు కబురు పంపాడో సరిచూశాడు. పది దాటాక ముప్పై రెండు. తరవాత పదిహేడు. నా వరస, చిట్టాల వరస ఒకటే.

వరస ఒకటే, అందులోకి వచ్చే మనుషులు నలభై మంది. ఒకడొచ్చి తన పేరు రాసి వెళ్తున్నాడు, వెనక ఇంకొకడొచ్చి దాన్ని తుడిచి తన పేరు రాస్తున్నాడు. ఇది నాకు వింత అనిపించలేదు. మా మూడు వాటాలకూ ఒకటే డోరు నంబరు ఉన్న రోజుల్లో ఇదే జరిగేది. మా తోడికోడలికి వచ్చిన గ్యాసు బండ నేను దింపించుకున్నాను, నాకు వచ్చిన ఓటరు చీటీ మా మరిది ఇంట్లో దొరికింది, మునిసిపాలిటీ వాళ్ళ దృష్టిలో మా మూడు వాటాలూ కలిపి ఒకటే ఇల్లు. ఆ సంగతే చెప్పాను. నీ నలభై మంది తలారులకూ ఒకటే డోరు నంబరు ఉందేమో చూడు తమ్ముడా అన్నాను.

ఆయన చూశాడు. ప్రతి తలారి జేబులోనూ ఒక పొడుగు నంబరు ఉంటుందట, పట్టీ గుర్తుపట్టేది పేరుతో కాదు, దానితో. ఒకటి తెరిచాడు, రెండు తెరిచాడు, పక్కపక్కన పెట్టాడు. భవాని కుర్చీలోంచి లేచి ముందుకు వంగింది. నలభై జేబుల్లోనూ ఒకటే నంబరు.

నంబరు అలా ఎలా కలిసిపోతుందో భవానికి ముందుగా అర్థమైంది, కానీ పిల్ల నోరు విప్పలేదు. నేనే అడిగాను. కొత్త యంత్రాలు నలభై విడివిడిగా చెయ్యరట. ఒకదాన్ని నిండుగా తయారుచేసి, దాన్నే అచ్చుగా పెట్టుకుని, దాన్నుంచి నలభై తీస్తారు. అచ్చు తీసేముందు తలారి జేబులో నంబరు చెరిపెయ్యాలి. చెరపకపోతే ఆ ఒక్క నంబరే నలభైకీ దిగుతుంది. గురువారం అచ్చు తీసిననాడు పాత నలభై ఇంకా పట్టీలోనే ఉన్నాయి, పట్టీ నిండుగా కనబడింది, కొత్తది ఒక్కటే చేరిందని ఎవరూ లెక్కపెట్టలేదు. సోమవారం పిల్ల పాతవి తీసేస్తే ఖాళీ బయటపడింది.

గురువారం అనగానే నాకు అంతా గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన తమ్ముడి కొత్త పడవ నీళ్ళలోకి దింపుతున్నారు. మధ్యాహ్నం బస్సుకు కళింగపట్నం వెళ్ళాలి. ఆనపకాయ, ఎండు నెత్తళ్ళు కలిపి నేను వండిన కూర హడావుడిగా తింటూ, నలభై యంత్రాలు నలభై నిమిషాల్లో దింపేశానని, తలారిని కూడా అచ్చులోనే కూర్చోబెట్టానని, ఇక నలభైసార్లు విడిగా పెట్టే బాధ లేదని నాకు గొప్పలు చెప్పాడు. రెండోసారి కూర వేయించుకుని మరీ చెప్పాడు. నేను చింతపండు చాట పక్కన పెట్టాను.

"తమ్ముడా, అంతకు ముందు ఏటి మారినాది?"

ఆయన నా వైపు చూశాడు. భవాని వైపు చూశాడు. తన రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, ఇంత సబ్బు పెట్టి కడిగినవి.

"నానేటీ ముట్టుకోనేదప్పా" అన్నాడు.

ముందు భవాని నవ్వింది. చెంపల మీద నీళ్ళు ఆరకుండానే, కడుపు పట్టుకుని నవ్వింది. తరవాత నేను. కింద మా ఇంటాయన ఏమైందోనని మెట్లెక్కి వచ్చి, సంగతి విని నవ్వడం మొదలుపెట్టి ఎంతకూ ఆపలేదు. రెండేళ్ళ చీర బాకీ తీరినట్టుంది ఆయనకు.

తరవాత పని రెండు గంటలు. ఒక్కో తలారి జేబులో పాత నంబరు చెరపడం, వాణ్ణి మళ్ళీ లేపడం, వాడు కొత్త నంబరు తెచ్చుకుని పట్టీలో ఎక్కేదాకా చూడటం. ఒకటి ఎక్కింది. రెండు ఎక్కింది. ఇద్దరూ చెరిసగం పంచుకుని చేశారు. పట్టీ నిండుతుంటే వరి మొలక చూసినట్టుంది నాకు. రెండున్నరకు నలభైయో అంకె కూడా వచ్చి కూర్చుంది.

ఇప్పుడు వినండి. పట్టీ నిండింది. మూడింటికి ఫోన్లో, అన్నీ తిరిగొచ్చాయి అంటే చాలు. ఎందుకు పోయాయని అడిగే తీరిక ఆ పెద్దమనిషికి లేదు, పోగొట్టింది ఎవరో ఆయన ముందే తేల్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి తప్పులూ పట్టుకున్న మనిషి ఈయన. ఆ పెద్దమనిషి కూడా ఒకప్పుడు ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే, ఈయన చెయ్యి తప్పదని పదిమందికి చెప్పుకునేవాడు. ఆ పేరు తప్ప మేడమీదాయనకు వేరే ఆస్తి లేదు.

"బాగైపోనాక ఎవులూ అడగరప్పా" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇంటిదాన్ని, పైగా నా కోడలి కుర్చీ. కాళ్ళు పట్టుకోవచ్చు, నాలుగు మాటలనవచ్చు. ఏదీ చెయ్యలేదు. కంచం కింద పెట్టనా పైకి తేనా అని మాత్రం అడిగాను. ఫోనయ్యాక వస్తానన్నాడు. నేనూ భవానీ మెట్ల మీద కూర్చున్నాం. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి.

ఫోను పెద్దగా వినబడేలా పెట్టాడు, మేం విన్నాం. పెద్దమనిషి సంతోషంగానే ఉన్నాడు. మీరుండబట్టి సరిపోయింది సార్, మీరు కాకపోతే ఇన్నింటిని ఎవరు తిరిగి తేగలరు అన్నాడు. ఆ అమ్మాయిని మాత్రం ఈ వారంతో ఆపేద్దాం అన్నాడు. మేడమీదాయన నీళ్ళు తాగిన చప్పుడు వినబడింది. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. భవాని గోళ్ళు నా అరచేతిలో దిగాయి.

"ఆ పిల్ల తీసీమన్నవే తీసింది, ఒక్కటి ఎక్కువ ముట్టుకోలేదు. అచ్చు తీసింది నేను. తలారి నంబరు చెరపకుండా తీసేను. తప్పు నాది" అన్నాడు.

మీరా సార్ అంది ఫోను.

"నేనే. కావాలంటే మళ్ళీ సెప్తాను. ఇనడానికి నాకూ కొత్తగానే ఉంది."

తరవాత పెద్దమనిషి గొంతు పొడిగా మారింది. నియమం నియమమే కదా అన్నాడు. ఇకమీదట ఆయన తయారుచేసిన ఏ అచ్చయినా వేరొకరు చూసి సరేననేదాకా బయటికి వదలకూడదన్నాడు. ఆ వేరొకరు ఎవరు? ఆయన జట్టులో ఉన్నది ఇంకొక్కరే. ఆ రోజునుంచి అచ్చు తయారైనప్పుడల్లా ఆయన మెట్లు దిగివచ్చి, వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, భవానమ్మగారూ తమరి చూపు కావాలి అనేవాడు. పిల్ల సిగ్గుతో చచ్చిపోయేది. కానీ చూడకుండా ఒక్కసారి కూడా సరే అనలేదు, రెండుసార్లు తప్పు పట్టింది కూడా. పట్టిన రోజున ఆయన వీధిలో అందరికీ చెప్పుకుని తిరిగాడు, తన తప్పని కాదు, ఆ పిల్ల పట్టిందని.

ఆ మంగళవారం మూడున్నరకు ఆయన కిందికొచ్చి కూర్చుని నాలుగుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అన్నం తిని పైకెళ్ళి, జరిగినదంతా ఇంగ్లీషులో రాసి కంపెనీకి పంపాడు. అలా రాయాలట, ఏది ఎప్పుడు చెడింది, ఎవరు మార్చారు, ఎవరు ముందుగా గమనించారు అని. మార్చినవారు అన్నచోట తన పేరు రాసుకున్నాడు. గమనించినవారు అన్నచోట ఏం రాశాడో భవాని నాకు తెలుగులో చదివి చెప్పింది. ఇంటి యజమానురాలు, చింతపండు పిక్కలు తీస్తుండగా.

రెండు రోజులకు హైదరాబాదునుంచి ఉత్తరం వచ్చింది. గమనించిన వ్యక్తి ఏ విభాగంలో పనిచేస్తున్నారో నింపలేదు, ఆ గడి ఖాళీగా ఉంటే కాగితం ముందుకు కదలదు, దయచేసి నింపండి అని. మేడమీదాయన నన్ను పైకి పిలిచి, నా ఎదురుగానే చేతులు కడుక్కుని, ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. విభాగం: కింది వాటా.

కాగితం కదిలింది. ఎవరూ మళ్ళీ ఏమీ అడగలేదు. అంటే ఈ రోజుకీ ఆ కంపెనీ చిట్టాల్లో నాకో ఉద్యోగం ఉన్నట్టే లెక్క.

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ పొయ్యి ఏ పూటా చల్లారకూడదు, మీ పిల్లలు కోరుకున్న కుర్చీల్లో నిండుగా కూర్చోవాలి. తప్పు జరగని ఇల్లు కావాలని నేను దీవించను, అలాంటి ఇల్లు నేనెక్కడా చూడలేదు. జరిగిన రోజున, ఎవరూ అడక్కముందే అది నా చెయ్యి అనే మనిషి మీ ఇంట్లో ఒకరుండాలి. ఆ మనిషికి ఆ పూట అన్నం వేడిగా దొరకాలి.